ఆకు లేని నూనె

ఆగస్టు 2, 2015, ఆదివారం, రాజాం

ఈ ఊళ్లో నాకు మనుషుల పేర్లు గుర్తుండవు, పాపిళ్లు గుర్తుంటాయి. ఎదురింటి మాస్టారికి నడినెత్తిన బట్టతల, దాన్ని దాచడానికి ఎడమ చెవి దగ్గర్నుంచి లాక్కొచ్చిన నాలుగు వెంట్రుకలు. పాలావిడకి జడ బిగించి బిగించి నుదుటి దగ్గర పలచన. జుట్టు మీద పరిశోధన చేసేవాళ్లకి పట్టే పిచ్చి ఇది. అలాంటి మనిషికే పేనుకొరుకుడు వచ్చిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇంకెవరికైనా వచ్చి ఉంటే నేనూ నవ్వేదాన్ని.

చెవి వెనక మొదలైంది, నడినెత్తికి ఎక్కింది. మూడు చోట్ల నున్నగా, గోకి తుడిచినట్టు. సవరం పెట్టి, పిన్నులు గుచ్చి, పాపిడి పక్కకి తీసి కాలేజీకి వెళ్తున్నాను. పాఠం చెబుతూ బోర్డు వైపు తిరగడం మానేశాను. పిల్లలకి తెలీదు. తెలీదనే అనుకుంటున్నాను.

బావ అన్న మాట ఉన్నదున్నట్టు రాసి పెట్టుకుంటాను. లేకపోతే తర్వాత నేనే దాన్ని మార్చుకుంటాను. మా ఆడపడుచు సింధూరి నిశ్చితార్థం రోజు మగపెళ్లివారికి వంగి కాఫీ గ్లాసులు అందిస్తుంటే సవరం జారి కింద పడింది. నేనే తీసి కొంగులో దాచుకున్నాను. ఆ సాయంత్రం మేడ మెట్ల మీద బావ అన్నాడు: "కొన్నాళ్లు రాజాంలోనే ఉండిపో అనూ. జుట్టు వచ్చాక వద్దువుగాని. సింధూరి పెళ్లి టైముకి వచ్చేస్తాది కదా." కోపంగా అనలేదు. వెంకటేష్ బావకి కోపం రాదు. మా మేనత్త కొడుకు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే.

పెళ్లి కార్తీకమాసంలో. అప్పటికి జుట్టు రావాలి. వస్తే కొత్తవలస వెళ్తాను, మా ఇంటికి. అంతే సంగతి, ఇందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు.

ఇదివరకు శనివారం కాలేజీ అవగానే విజయనగరం బస్సెక్కి, అక్కడ రైలు పట్టుకుని రాత్రి భోజనానికి కొత్తవలసలో ఉండేదాన్ని. ఇప్పుడు ఆదివారం ఏం చెయ్యాలో తెలీక, నా ప్రయోగాన్ని ఆదివారానికి పెట్టుకున్నాను. ఈ రోజు మొదలైంది. నీలమ్మవలస డ్వాక్రా సంఘం ఆడవాళ్లు. సగం మందికి గుంటగలగరాకు రసం కాచిన నువ్వుల నూనె, సగం మందికి ఉత్త నువ్వుల నూనె, చూడ్డానికి ఒకేలా ఉండేట్టు రంగు కలిపింది. సరి అంకె సీసాల్లో ఆకుంది, బేసి అంకె సీసాల్లో లేదు. అది నాకొక్కదానికే తెలుసు. రెండు రకాల నూనెలున్నాయనీ, ఎవరిదేదో చెప్పననీ చెప్పి, సంతకాలూ వేలిముద్రలూ తీసుకున్నాను. ఈ ఆకు జుట్టుకి మంచిదని ఈ జిల్లాలో పుట్టిన ప్రతి మనిషీ చెబుతాడు. నిజంగా మంచిదా, లేక మంచిదని చెప్పుకోవడం మంచిదా అన్నదే నా పీహెచ్‌డీ.

సంఘం లీడరు తవిటమ్మ సీసా ఎత్తి ఎండకి పట్టి చూసింది. "ఏటమ్మా, కోళ్లకి మందేసి సూసినట్టు మామీద సూస్తారేటి?"

"కోళ్లకి జుట్టుండదు కదండీ" అన్నాను.

అందరూ నవ్వారు. నాకు చాలా రోజుల తర్వాత ఒక గుంపు నవ్వు వినబడింది.

ఆగస్టు 5

బావ ఫోన్ చెయ్యలేదు. శ్రావణం వస్తోంది, బట్టల కొట్లో సరుకు దించుకునే రోజులు.

ఆగస్టు 9

దువ్వుకున్నప్పుడు ఊడిన జుట్టంతా కవర్లో వేసి దాచమన్నాను, వారం వారం తూస్తానని. ఈ రోజు వెళ్లేసరికి కవర్లు సగం ఖాళీ. వీధిలోకి జుట్టుకి పిన్నులిచ్చేవాడు వచ్చాడట. చూరులో దోపి ఉంచిన పాత జుట్టుతోపాటు నా కవర్లలోది కూడా ఇచ్చేసి పిన్నులూ, రిబ్బన్లూ తీసుకున్నారు.

"మీకోసరం కొంత దాసినాం మేడంగోరు" అంది ఈశ్వరి. "పొడుగున్నాయి ఆడికిచ్చీసినాం గానీ."

అరవబోయి ఆగిపోయాను. ఆ పొడుగువి పట్నంలో సవరాలవుతాయి. నా నెత్తి మీదున్నది ఏ ఊరి చూరులోంచి వచ్చిందో.

ఈశ్వరికి టైఫాయిడ్ వచ్చి లేచాక జుట్టు సగమైంది. వేసవిలో చూపులకొచ్చినవాళ్లు జడ చూసి, కబురు చెబుతామని వెళ్లి, చెప్పలేదట. ఆమె సీసా బేసి అంకె. నేను చీట్లు తీసి పంచాను, నా తప్పేమీ లేదు.

ఆగస్టు 16

నా తలకీ రాస్తున్నాను, ఆకు నూనే. ఇది ప్రయోగంలో లేదు, ఎక్కడా రాయను. ఎదురుగా ఒక అద్దం, వెనక కుర్చీ మీద ఒక అద్దం పెట్టుకుని, వేలు ఎటు వెళ్లాలో తెలీక మెడకి రాసుకుంటున్నాను. ఎవరైనా ఉంటే నిమిషంలో పని.

బావ ఫోన్ చేశాడు. "ఎలా ఉన్నాది?" అన్నాడు. తల గురించా, నా గురించా అని అడగలేదు. "అలాగే ఉంది" అన్నాను. దేనికైనా సరిపోతుంది.

ఆగస్టు 29

నిన్న వరలక్ష్మీ వ్రతం. ప్రతి ఏడూ అత్త చేతికి తోరం నేనే కట్టేదాన్ని. మా పెళ్లికి ముందు కూడా, వేసవి సెలవులు అయిపోయినా అత్త నన్ను శ్రావణం దాకా పంపేది కాదు. ఈసారి పిలవలేదు. పిలిస్తే నేను రాలేక బాధపడతానని పిలవలేదు. భాగ్యవతత్తకి నామీద అంత ప్రేమ.

బజార్లో అరటిపళ్లు కొని, ఇంటికొచ్చి ఒకటి తిన్నాను.

సెప్టెంబర్ 6

నీలమ్మవలసలో ఈశ్వరి ఈ రోజు అందరి కన్నా వెనక కూర్చుంది. భూతద్దంతో పాపిడి చూస్తుంటే తల తిప్పకుండా అడిగింది.

"నా సీసాలో ఆకున్నాదా మేడంగోరు?"

"చెప్పకూడదు ఈశ్వరీ."

"మీకు తెలుసు గదా?"

"తెలుసు."

నేను అద్దం దించలేదు. అద్దం ఉంటే ఎదుటివాళ్ల మొహం కనబడదు, వెంట్రుకల మొదళ్లే కనబడతాయి. ఆ సౌకర్యం కోసమే సైన్సు చదివానేమో అనిపించింది. బస్సులో వస్తూ ఇలాంటి ఆలోచనలు చెయ్యకూడదని నిశ్చయించుకున్నాను.

సెప్టెంబర్ 17

వినాయక చవితి. పూజ పత్రిలో గుంటగలగరాకు లేదు, వెతికి చూశాను. ఒక్క మనిషికి ఉండ్రాళ్లు ఎన్ని చెయ్యాలో తెలీక చెయ్యలేదు.

సెప్టెంబర్ 27, ఆదివారం

వచ్చింది!

చెవి వెనక. వేలికి గరుగ్గా తగిలితే పొక్కేమో అనుకున్నాను. రెండద్దాల్లో చూస్తే నూగు. తెల్లగా, పసిపిల్లల చెంప మీద ఉండేలాంటిది. పుస్తకాల్లో కూడా అలాగే ఉంది, ముందు తెల్లగా వచ్చి తర్వాత నల్లబడుతుందని. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాను. చప్పుడు గోడకి తగిలి తిరిగొచ్చింది.

బావకి చెప్పలేదు. పూర్తిగా వచ్చాకే చెబుతాను. ఆ రోజు ఫోన్లో ఏమంటాడో ఇప్పటికే రకరకాలుగా అనిపించుకుని చూశాను. ఒకదాన్లో వెంటనే రైలెక్కి వచ్చేస్తాడు. అది కాస్త ఎక్కువే. "ఈ శనివారం వచ్చీయ్" అంటే చాలు.

అక్టోబర్ 11

అంకెలు వేసి చూశాను. ఆకు నూనె రాసినవాళ్లకి ఊడటం తగ్గింది, కొత్త జుట్టు బాగానే వస్తోంది. ఉత్త నూనె రాసినవాళ్లకి కూడా. అంతే తగ్గింది, అంతే వస్తోంది. ఈశ్వరికైతే అందరికన్నా బాగుంది.

మళ్లీ వేశాను. అదే.

మా గైడు నరసింగరావు గారికి చూపించాను. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, "ఉత్త నూనెకే జుట్టొస్తుంటే మధ్యలో నీ ఆకెందుకమ్మా?" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు. నేను మాత్రం చెవి వెనక వేలు పెట్టి చూసుకున్నాను. ఆకు పని చెయ్యకపోతే నా నూగు ఏమిటి? దానంతటది వచ్చిందా? దానంతటది వచ్చింది దానంతటదే పోదా? కార్తీకం దాకా ఉంటుందా?

అక్టోబర్ 18, ఆదివారం

అంతా పాడైంది. ఎక్కడ మొదలుపెట్టి రాయాలో తెలియడం లేదు.

నీలమ్మవలస చేరేసరికి తవిటమ్మ వాళ్ల అరుగు మీద ఆడవాళ్లంతా వరసగా, ఒకరి వెనక ఒకరు కూర్చుని ముందువాళ్ల తలకి నూనె రాస్తున్నారు. మధ్యలో ఒక పెద్ద తపేలా. తపేలాలో నూనె. చుట్టూ నా సీసాలు, మూతలు తీసి, బోర్లించి. అంకెల చీటీలు నూనెలో నాని ఊడిపోయాయి.

"ఇదేంటి?" అన్నాను.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తవిటమ్మ చేతులు చీర కొంగుకి తుడుచుకుంది.

"మీరొచ్చే యేలకి తీసీద్దామనుకున్నాం. ఈ వారం బేగొచ్చీసినారు."

"నూనెలన్నీ కలిపేశారా?"

"కలిపీసినాం."

"ఎప్పట్నుంచి?"

"మొదాట్నుంచీ" అంది తవిటమ్మ. దాచిపెట్టాలన్న ఆలోచన కూడా లేదు ఆ గొంతులో. "కొన్ని సీసాలు ఆకు వాసనేస్తన్నాయి, కొన్ని వెయ్యలేదు. ఈసిరి వాసన సూసి ఏడిసింది. ఒక సంగమమ్మా మాది. ఒక్క బంతిలో కూకోబెట్టి నీకు నెయ్యి, నీకు లేదు అని వొడ్డిస్తే వలపచ్చం కాదేటి? ఎవలు తింటారు ఆ కూడు? అందుకని తపేలాలో పోసీసి, అందరికీ ఒక్కలాగే పంచీసుకున్నాం. మీరు కోప్పడతారని సెప్పలేదు గానీ, దొంగతనం సెయ్యలేదు."

కోప్పడ్డాను. ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటి మేక బెదిరి తాడు లాక్కుంది. రెండు నూనెలు వేరుగా ఉంచడమే ప్రయోగమని చెప్పలేదా? వేలిముద్రలు వేసిందెందుకు? నా ఉద్యోగం ఏమవుతుందో, నాలుగేళ్ల కష్టం ఏమవుతుందో తెలుసా? అన్నీ అన్నాను. చివరికి, "ఇప్పుడు ఈ జుట్టు ఎందుకొచ్చిందో నాకెలా తెలుస్తుంది?" అన్నాను. అదొక్కటీ వాళ్లని అడగలేదు. అది వాళ్లకి తెలీదు.

తవిటమ్మ బోర్లించిన సీసా ఒకటి తీసి నిలబెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మీకు ఎవలున్నారమ్మా ఇంటికాడ?"

"ఎందుకు?"

"ఇంత కోపం ఇక్కడిదాకా మోసుకొచ్చినారు. మద్దిలో దించుకోడానికి ఒక మనిషుండాల గదా."

బ్యాగు తీసుకుని వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. చేలన్నీ పచ్చగా ఉన్నాయి, గట్ల నిండా గుంటగలగరాకే. చూడబుద్ధి కాలేదు.

అక్టోబర్ 19

నరసింగరావు గారికి జరిగింది చెప్పాను. తలుపు దగ్గరగా వేసి రమ్మన్నారు.

"వాళ్లు కలిపారని నీకెవరు చెప్పారు?"

"వాళ్లే."

"నువ్వు వినకపోతే సరిపోయేది. సరే, విన్నావు. బేసి అంకెలవాళ్ల లెక్కలు కాస్త తగ్గించి వెయ్యి. మరీ ఎక్కువ కాదు, నమ్మేటట్టు. ఆకు మంచిదేనని నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసినదాన్నే రాస్తున్నాం."

సరేనన్నాను. సరేనంటే చేసినట్టు కాదు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఏదో ఒకటి అనాలి కాబట్టి అంటాం.

అక్టోబర్ 27

విజయనగరంలో సిరిమానోత్సవం. కాలేజీకి సెలవు. టీవీలో లైవ్ వస్తోంది. కొత్తవలస నుంచి మావాళ్లు ప్రతి ఏడూ వెళ్తారు, కోట దగ్గర అత్త వాళ్ల దూరపు బంధువుల మేడ ఉంది. ఆ మేడ మీద నాకు ఎప్పుడూ ఒకటే చోటు, పిట్టగోడ మూల, బావ పక్కన. కెమెరా అటు తిరిగినప్పుడల్లా లేచి టీవీ దగ్గరికి వెళ్లాను. జనం, జనం, అమ్మవారి సిరిమాను, జనం. ఎవరూ కనబడలేదు. అంత దూరం నుంచి కెమెరాలో మనుషులు కనబడతారా, తలలు కనబడతాయి గానీ.

నవంబర్ 8, ఆదివారం

మూడు చోట్లా నిండింది. ఇంకా పొట్టిగానే ఉంది, వేలి గణుపంత. నల్లబడింది. సవరం తీసేసి, తడి చేసి దువ్వుకుంటే ఎవరికీ తెలీదు. మొబైల్ వెనక్కి పెట్టి ఎన్నో ఫోటోలు తీసి, వాటిలో మంచిది ఏరి బావకి పంపించాను. కింద ఏమీ రాయలేదు. ఏమీ రాయక్కర్లేదు.

సాయంత్రానికి రెండు నీలం టిక్కులు పడ్డాయి. చూశాడు.

నవంబర్ 9

కొట్లో దీపావళి బేరాలు.

నవంబర్ 12

దీపావళి అయిపోయింది కూడా. ఈ రోజు జవాబొచ్చింది. "గుడ్."

అంతే ఉంది. బావ ఫోన్లో ఎప్పుడూ పొడుగ్గా రాయడు. వెళ్లి కనబడితే వేరు. పెళ్లికి ముందు ఆదివారం చెప్పకుండా వెళ్తాను. అత్త ఆశ్చర్యపోతుంది.

నవంబర్ 22, ఆదివారం

రైల్లో వెళ్తూ సవరం తీసి బ్యాగులో పెట్టుకున్నాను. కిటికీ గాలికి చెవి వెనక చల్లగా తగిలింది. ఇంత హాయిగా ఉంటుందని మరిచిపోయాను.

కొత్తవలసలో మా ఇంటి ముందు పందిరి రాటలు పాతుతున్నారు. అత్త గడప దగ్గర పీట మీద కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతోంది. నన్ను చూసి, ముందు తల చూసింది. పసుపు చేతులతోనే దగ్గరికి లాక్కుని, నెత్తి మీద వేళ్లు పెట్టి తడిమింది.

"ఓలమ్మ! వచ్చిందే! వెంకటేషూ, దీనికి జుట్టొచ్చిందిరా!"

అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నటన కాదు. చిన్నప్పుడు నాకు జడ వేసిన మనిషి. నేను కూడా ఏడ్చాను. కాసేపు ఇద్దరం అలా గడపలో నిలబడిపోయాం. ఆ కాసేపూ నేను మా ఇంట్లోనే ఉన్నాను.

తర్వాత అత్త లోపలికి తీసుకెళ్లి, హాల్లో కుర్చీ వేసి, ప్లేట్లో ఇడ్లీలు పెట్టి తెచ్చింది. ఇదివరకు నేను వంటింట్లో నేల మీద కూర్చుని తినేదాన్ని. వంటింట్లోకి వెళ్లబోతే, "నువ్వు కూకో, ప్రయాణం చేసొచ్చావు" అంది. చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు.

బ్యాగు పెట్టుకుందామని మా గదికి వెళ్లాను. మంచం మీద పెళ్లికి పెట్టే చీరల కట్టలు. బీరువా తీస్తే జాకెట్టు ముక్కలూ, తువ్వాళ్లూ. సింధూరి వెనకే వచ్చింది, చేతులకి గోరింటాకు.

"నీ బట్టలు అట్టపెట్టెలో సర్దాం వదినా, మేడ మీద ఉన్నాది. రాజాం పంపించాలి, పెళ్లి హడావిడిలో కుదరలేదు."

"రాజాం ఎందుకు? జుట్టొచ్చింది కదా."

దానికి అర్థం కాలేదు. "జుట్టేటి? మీరిద్దరూ విడిగా ఉందామనుకున్నారు కదా. ఉగాదికే అన్నయ్య అమ్మతో చెప్పాడు." నా మొహం చూసి ఆగిపోయింది. "నీకు తెలీదా వదినా?"

ఉగాదికి నాకు నడుం దాకా జడ. ఆ రోజు అత్తే మల్లెపూలు పెట్టింది. జుట్టు ఊడటం ఆ తర్వాతెప్పుడో, ఎండలు ముదిరాక.

కొట్టుకి వెళ్లాను. బావ ఒక గిరాకీకి పంచెలు విప్పి చూపిస్తున్నాడు. వాళ్లు వెళ్లేదాకా నిలబడ్డాను. పంచె మడత పెడుతూ నా తల వైపు చూశాడు.

"బాగా వచ్చింది" అన్నాడు.

"జుట్టు వచ్చాక రమ్మన్నావు బావా."

"అన్నాను."

"వచ్చాను."

పంచె మడత కుదరలేదు. మళ్లీ విప్పి పెట్టాడు. "ఏదో ఒకటి అనాలి కదా అనూ. ఆరోజు మెట్ల మీద నువ్వు అలా ఏడుస్తుంటే... అది రాదనుకున్నాను. వచ్చేలోగా నీకే అర్థమైపోతాదనుకున్నాను."

"ఏమర్థమవుతుంది?"

"చిన్నప్పట్నుంచీ ఒక్క ఇంట్లో తిరిగాం. అమ్మా, మావయ్యా అనుకున్నారు, చేసీసారు. నాకు నువ్వంటే కోపం లేదు. కోపం ఉంటే బాగుండును, చెప్పడానికి సులువుగా ఉండును."

బావకి కోపం రాదు. అది మంచితనమని ఇన్నేళ్లూ అనుకున్నాను. నాకు కోపం వచ్చింది. కొట్టు మధ్యలో నిలబడి అరవాలనిపించింది, నీలమ్మవలసలో అరిచినట్టు. అప్పుడే ఇంకో గిరాకీ వచ్చింది, చెప్పులు విప్పుతూ. బావ అటు తిరిగి, "రండి, కూర్చోండి" అన్నాడు. నేను మెట్లు దిగాను.

స్టేషన్లో రైలు లేటు. సవరం మళ్లీ పెట్టుకోలేదు.

నవంబర్ 23

బావ నన్ను పంపింది జుట్టు వల్ల కాదు.

నవంబర్ 24

జుట్టు వల్ల కాదు, నా వల్ల. రాసి చూసుకుంటే ఇంకా కష్టంగా ఉంది.

నవంబర్ 26

నూనె మానేశాను. వచ్చిన జుట్టు ఆకు వల్ల వచ్చిందో, ఎదురు చూడటం వల్ల వచ్చిందో, ఊరికే వచ్చిందో తెలుసుకోవాలంటే మానేసి చూడటమొక్కటే మార్గం. ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది. దీని కోసం ఆగి ఉన్నది ఇక ఏదీ లేదు కాబట్టి, ఇప్పుడు దీన్ని నిజాయితీగా చూడగలను.

మధ్యాహ్నం నరసింగరావు గారి గదికి వెళ్లి అంకెలు తగ్గించనని చెప్పాను. నూనెలు కలిసిపోయాయని ఉన్నదున్నట్టు రాసి, మళ్లీ మొదటి నుంచి చేస్తాను.

"ఇంకో రెండేళ్లు పడుతుంది" అన్నారు.

"పట్టనివ్వండి. నన్నెక్కడికీ రమ్మన్నవాళ్లు లేరు."

ఆయన కళ్లజోడు దించుకుని చూశారు. టీ తెప్పించారు.

నవంబర్ 29, ఆదివారం

మొన్న సింధూరి పెళ్లి అయిపోయింది. ఎవరో ఫోటోలు పెట్టారు, ఫోన్లో చూశాను. ప్రతి ఫోటోలోనూ బావ పక్కన నేను నిలబడాల్సిన ఖాళీ కోసం వెతికాను. ఖాళీ లేదు. అందరూ కాస్త కాస్త జరిగి నిలబడ్డారు.

పొద్దున్న బావ మెసేజ్: "పెట్టె ఏ బస్సులో వెయ్యమంటావు?" రాజాం వచ్చేది ఏదైనా సరే అని రాశాను. ఇన్ని నెలల్లో జవాబు కోసం బావ నన్ను అడిగిన ప్రశ్న ఇదొక్కటే.

నీలమ్మవలస వెళ్లాల్సిన పని లేదు. కొలవడానికి ఏమీ లేదు, ఇవ్వడానికి సీసాలూ లేవు. గదిలో ఉండలేక వెళ్లాను. అక్టోబర్లో అరిచి వచ్చాక మళ్లీ మొహం చూపించలేదు, ఏమంటారో అని దారంతా భయపడ్డాను. వాళ్లు అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నారు, ఎప్పటిలాగే ఒకరి తలకి ఒకరు నూనె రాస్తూ. నన్ను చూసి ఈశ్వరి నవ్వింది.

"సవరం తీసీసినారేటి మేడంగోరు? మీకూ వొచ్చీసింది!"

"సవరమని మీకు తెలుసా?"

"ఓలమ్మ, మొదాటి రోజే తెలుసు" అంది తవిటమ్మ. "మా ఊరి జుట్టు మాకు తెల్దేటి?"

ప్రయోగం ఆగిపోయిందని చెప్పాను. మళ్లీ మొదలుపెట్టినప్పుడు వేరే పద్ధతిలో, ఎవరికీ వలపక్షం లేకుండా ఎలా చెయ్యాలో ఆలోచిస్తానని చెప్పాను. నా తలకి నూనె మానేశానని కూడా చెప్పాను, ఎందుకో నోటికొచ్చేసింది.

"మానీసి ఏటి సేస్తారు?"

"ఆకు వల్ల వచ్చిందా, దానంతటది వచ్చిందా అని తెలుసుకుంటాను."

తవిటమ్మ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "అయితే ఆకు తగలకూడదు. ఉత్త నూని తగిలితే మీ లెక్క పాడవదు గదా?"

"పాడవదు."

"మరేటి? నెత్తి ఎండిపోయున్నాది. ఇలగొచ్చి కూకోండి."

ఈశ్వరి ముందుకి జరిగింది. వరసలో ఈశ్వరికీ తవిటమ్మకీ మధ్య చోటు పడింది. కూర్చున్నాను. నా ముందు ఈశ్వరి తల. నేను రాయాల్సింది ఆ తలకి. అన్ని ఆదివారాలు భూతద్దంతో చూసిన పాపిడి అది. వేళ్లతో ముట్టుకోవడం ఇదే మొదలు. వెచ్చగా ఉంది.

తవిటమ్మ ఇంట్లోంచి నువ్వుల నూనె గిన్నె తెప్పించి నా నెత్తి మీద పోసి, అరచేత్తో అదిమింది. ఆవిడ చేతులు గరుకు. ఆ చేతులు కొత్త జుట్టు దగ్గర మాత్రం మెల్లగా వెళ్లాయి. ఎన్ని నెలలైందో నా తల మీద ఒకరి చెయ్యి ఇంతసేపు ఉండి. ఇది పని చేసేదీ కాదు, చెయ్యనిదీ కాదు, దీన్ని ఎవరూ కొలవరు. ఈశ్వరి తల మీద చేతులు పెట్టుకునే ఏడ్చేశాను. ఆపుకోవాలని చూడలేదు.

"కుంకుడు పులుసు కాదమ్మా, నూని" అంది తవిటమ్మ వెనక నుంచి. "కళ్లు మండవు."

"మండుతున్నాయి" అన్నాను.

ఆవిడ రాస్తూనే ఉంది.